పేలకు పెట్టిన మందు

నా చిన్నప్పుడు మా ఊళ్లో పత్తికి కొట్టే మందు, తలకు రాసుకునే కొబ్బరినూనె ఒకే గూట్లో ఉండేవి. మహారాష్ట్రలో రాజురా దాటి కొర్పనా వైపు వెళ్తే మా ఊరు. పత్తిమందు విషమని ఎవరికీ తెలియదంటే అబద్ధమే. సీసా మీద పుర్రె బొమ్మ ఉండేది. బొమ్మకు భయపడితే సేద్యం సాగదు కదా, చూసీ చూడనట్టు ఉండేవాళ్లం.

పక్కింటి చిన్నమ్మ కూతురు నా ఈడుది. దాని తల నిండా పేలు పడి, గోకి గోకి పుండ్లయ్యాయి. పేలు పోయేదాకా బడికి రావద్దన్నాడు మా మరాఠీ పంతులు. అది ఇంటికొచ్చి అన్నం ముట్టకుండా ఏడ్చింది. చిన్నమ్మ అప్పటికే వేపాకు నూరి పట్టించింది, గ్యాసునూనె, అదే కిరసనాయిలు, రాసింది, ఏదీ పనిచేయలేదు. మందు పడగానే పత్తి మీద పురుగు రాలిపోవడం ఆమె చేలో రోజూ చూస్తున్నదే. అదే మందు నూనెలో కలిపి బిడ్డ తలకు పట్టించి, గుడ్డ కట్టి, రేపటినుంచి బడికి పోదువులే అని బుజ్జగించింది.

పుండ్లలోంచి విషం ఒంట్లోకి పోయింది. మధ్యాహ్నానికి పిల్ల నోట నురుగు వచ్చింది. ఎడ్లబండిలో రోడ్డు దాకా, అక్కణ్ణుంచి బస్సులో చంద్రపూర్ పెద్దదవాఖానకు బయల్దేరారు. వార్ధా నది వంతెన దాటకముందే ప్రాణం పోయింది.

మందు పెట్టి కన్నబిడ్డను చంపిందని ఊరంతా అంది. మందు పెట్టిందనడం, పగబట్టి అన్నంలో ఏదో కలిపే వాళ్లను అనే మాట. ఆడవాళ్లు తమ పిల్లలను ఆమె గడప తొక్కనివ్వలేదు. చిన్నమ్మ తిండి మానేసింది. ఇక ఈమె కూడా దక్కదని మా నాయనమ్మకు అర్థమైంది.

ఒకరోజు నాయనమ్మ నా చెయ్యి పట్టుకుని బయల్దేరితే మా అమ్మ గుమ్మంలో అడ్డం నిలబడింది.

"పొల్లను ఆడికెందుకు తోల్కపోతున్నవ్ అత్తమ్మా? నాకు భయమైతుంది."

"మందు పెట్టుడంటే మంచిగ కావాలని పెట్టుడే," అంది నాయనమ్మ. "గామెకు తెలివి తక్కువైంది గని ప్రేమ తక్కువ కాలే. గిప్పుడు మనం గూడ ఇడిస్తే సత్తది."

చిన్నమ్మ గోడకు ఆనుకుని ఉంది. నాయనమ్మ నన్ను ఆమె ముందు కూర్చోబెట్టి, జడ విప్పి, పేల దువ్వెన ఆమె చేతికిచ్చింది.

"నాకు కండ్లు కనవడుత లేవు. గీ పొల్ల తల జర చూడు బిడ్డా."

నాయనమ్మ సూదిలో దారం ఎక్కించేది. కళ్లు కనపడకపోవడం ఉత్త బొంకు. చిన్నమ్మ చాలాసేపు నన్ను తాకలేదు. చివరికి ఒక వేలు నా నెత్తిన ఆనింది. ఒక పాయ తీసింది, ఇంకో పాయ తీసింది. ఆ తర్వాత నా వీపు మీద తల పెట్టి, పిల్ల పోయాక మొదటిసారి ఏడ్చింది. నాయనమ్మ ఓదార్చలేదు. ఏడుపు తగ్గాక, ఇంకో పక్క కూడా చూడమంది.

చిన్నమ్మ బతికింది. నవ్వగా మాత్రం నేనెప్పుడూ చూడలేదు.

బిడ్డను పోగొట్టుకున్న తల్లిని ఎవరైనా నీ చేతులారా చేసుకున్నావంటే నాకు ఈనాటికీ ఒళ్లు మండుతుంది. ఓదార్చడం నాకు చేతకాదు. వెళ్లి ఆమె చేతికి అందేంత దగ్గరగా కూర్చుంటాను.