దొరికిన కాగితం

ట్రాఫిక్ కోర్టు భవనంలో కింది అంతస్తున చిట్టచివరి గది పాత కేసుల గది. పైన ఎవరినడిగినా ఆ గదికి దారి చెప్పరు, "కట్టలక్క దగ్గరికి వెళ్లండి" అంటారు. ముప్పై ఏళ్లుగా కేసుల కట్టలు విప్పడం, వెతకడం, మళ్లీ కట్టడం ఆవిడ పని. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఎక్కడో ఉంది గానీ వకీళ్లకూ బంట్రోతులకూ డ్రైవర్లకూ ఆవిడ కట్టలక్కే.

పల్లెటూరి బడిలో పదో తరగతి దాకా చదువుకుని, ఇరవై ఏడో ఏట చీపురు పట్టుకుని ఆ గదిలో అడుగుపెట్టింది. ఊడుస్తూ ఊడుస్తూ ఏ కట్ట ఎక్కడుందో కంఠతా పట్టేసింది. అప్పటి గుమాస్తా ఒకాయన ఏదో కాగితం కోసం రెండు రోజులు వెతికి తల పట్టుకు కూర్చుంటే, చీపురు గోడకు ఆనించి, మూడో వరసలోంచి దాన్ని తీసి ఆయన ముందు పెట్టిందట. మరుసటి నెల నుంచి ఆ చీపురు ఇంకొకరి చేతికి వెళ్లింది.

పని చెప్పుకున్నంత తేలిక కాదు. జిల్లా పెద్దది, ట్రాఫిక్ కోర్టులు తొమ్మిది. పోలీసులు బండి ఆపిన చోటును బట్టి కేసు ఏదో ఒక కోర్టుకు వెళుతుంది. పాతబడ్డాక అన్ని కోర్టుల కాగితాలూ ఈ గదికే చేరతాయి. వచ్చినవాళ్లు బండి ఆపిన తేదీ చెబుతారు, కట్టలేమో చివరి వాయిదా తేదీ ప్రకారం ఉంటాయి. వాయిదాకు రానివాళ్లది వేరే కట్ట. పైగా ఒక ఏడు వానకు గదిలోకి నీళ్లొచ్చి కింది అరలన్నీ తడిశాయి. ఆ కాగితాలను ఆవిడ తాళ్ల మీద ఆరేసి, ఒక్కొక్కటీ గోటితో విడదీసి కట్టింది. ఆ కట్టల వరస ఆవిడకు తప్ప దేవుడికే తెలియాలి. కంప్యూటర్లు వచ్చాయి గానీ పాత కేసుకు అందులో ఉండేది ఒక్క వరుసే: పేరు, నేరం, తేలిందా లేదా. మిగతా కథంతా కాగితంలోనే.

రోజూ పొద్దున తాళం తీసేముందు ఆవిడ ఒక్క క్షణం కళ్లు మూసుకుని, ఈ రోజు వచ్చినవాళ్లు వట్టి చేతులతో వెళ్లకుండా చూడు తండ్రీ అనుకునేది. తలుపు పక్కన ఒక కుర్చీ, మంచినీళ్ల కూజా తన డబ్బుతో కొని పెట్టింది. దరఖాస్తు రాయడం రానివాళ్లకు రాసిపెట్టి, సంతకం చేసేముందు చదివి వినిపించేది. తప్పు కోర్టుకు వచ్చినవాళ్లుంటే అసలు కోర్టుకు ముందే ఫోను చేసి, ఫలానా పెద్దాయన వస్తున్నాడు, తిప్పించకండి అని చెప్పి పంపేది.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. అన్న పోయాక వదినతోనే ఉంటోంది. ఇంట్లో కళ్లజోడు నెత్తిమీదే పెట్టుకుని ఇల్లంతా వెతుకుతుందనీ, ఊరి వాళ్ల కాగితాలు మాత్రం కళ్లు మూసుకుని తీస్తుందనీ వదిన వెక్కిరించేది. పై అంతస్తులోని పెద్ద గుమాస్తా అయితే, పోయిన యవ్వనం కావాలన్నా అక్కకు చెబితే చాలు, ఏడాది వారీగా కట్టి ఇస్తుందని అందరి ముందూ అనేవాడు. ఆవిడ నవ్వి ఊరుకునేది. ఆ మాటలో ఉన్న గౌరవం ఆవిడకు తెలుసు. ముప్పై ఏళ్లలో "దొరకలేదు" అని చీటీ రాసింది నాలుగంటే నాలుగే సార్లు. ఆ నలుగురి ముఖాలూ ఆవిడకు ఇప్పటికీ గుర్తే.

ఒక మంగళవారం పొద్దున్నే బడి బస్సు డ్రైవరు ఒకాయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, ఇస్త్రీ చొక్కా, చేతిలో ప్లాస్టిక్ సంచిలో కాగితాలు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లుగా ఒకే బడికి బస్సు నడుపుతున్నాడట. ఏ ఇంటి ముందూ హారన్ కొట్టడు, దిగి వెళ్లి తలుపు తడతాడు. అందుకే పిల్లలు అతనికి హారన్ మామ అని పేరు పెట్టారని, సిగ్గుపడుతూ చెప్పాడు. ఇప్పుడు కొత్త నిబంధన వచ్చింది. పిల్లల బస్సు నడిపేవాళ్ల పాత కేసులన్నీ తిరగేస్తున్నారు. అతని పేరు మీద పదకొండేళ్ల కిందటి కేసు ఒకటి బయటపడింది. తాగి బండి నడిపినందుకు. వాయిదాకు రాలేదు, కేసు తేలలేదు. శుక్రవారం లోపు దాన్ని కొట్టేసినట్టు కాగితం తేకపోతే బస్సు తాళాలు ఇచ్చేయాలి.

తాను జన్మలో మందు ముట్టలేదని, ఆ రోడ్డు మీదకు ఆ రోజు పోనే లేదని అతను అన్నాడు. ఆ మాట చాలామంది అంటారు. కానీ కట్టలక్కకు ఎందుకో అతని మాట నిజమనిపించింది.

రెండు రోజులు వెతికింది. ఆ కోర్టు కట్టల్లో లేదు, రానివాళ్ల కట్టలోనూ లేదు. బుధవారం సాయంత్రం పెద్ద గుమాస్తా వచ్చి, ఇంక చాలించమన్నాడు. దొరకలేదని చీటీ రాసిస్తే జడ్జిగారు కేసు కొట్టేస్తారు, ఆ మనిషి హాయిగా వెళ్లి బస్సు నడుపుకుంటాడు అన్నాడు. మాట సబబైనదే. కానీ ఆవిడ మనసొప్పలేదు. దొరకలేదని కొట్టేస్తే తప్పించుకున్నాడనే అంటారు, కాగితం దొరికితే తప్పు చేయలేదని అంటారు. మరొక్క రోజు ఇవ్వమంది.

గురువారం మధ్యాహ్నం, ఒకప్పుడు తడిసిన కట్టల్లో అడుగున దొరికింది. అంచులు పచ్చబడ్డాయి, అక్షరాలు మాత్రం చెదరలేదు. లైసెన్సు దగ్గర లేదు, పేరూ పుట్టిన తేదీ నోటితో చెప్పాడు అని పోలీసు రాశాడు. కింద పట్టుబడ్డవాడి సంతకం. ఆవిడ డ్రైవరు సంతకం చేసిన దరఖాస్తు తీసి పక్కన పెట్టి చూసింది. పేరు ఒకటే, చేతిరాత వేరు. ఎవరో ఇతని పేరు చెప్పి జారుకున్నారు. ఆవిడకు ప్రాణం లేచివచ్చినట్టయింది. తానే మెట్లెక్కి వెళ్లి, వరండాలో ఎదురుచూస్తున్న డ్రైవరును వెంటబెట్టుకొచ్చింది.

అతను కాగితం మీదికి వంగాడు. సంతకం చివర పొడుగ్గా సాగిన గీత మీద వేలు పెట్టి, అలాగే ఉంచాడు.

"మా తమ్ముడు," అన్నాడు చివరికి.

నాన్న చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి తనే బడికి పంపాడట. మార్కులు తగ్గినప్పుడల్లా వాడు ప్రోగ్రెస్ కార్డు మీద అన్న సంతకం తానే పెట్టేసేవాడు, చివర గీత ఎక్కువగా లాగేవాడు. "అది చూసి నాలో నేనే నవ్వుకునేవాణ్ణక్కా. అప్పుడూ అమ్మకు చెప్పలేదు."

తమ్ముడు ఈ కేసు జరిగిన మరుసటి ఏడాదే పోయాడు. కామెర్లు అని అమ్మకు చెప్పారు. తాగుడని చెప్పలేదు.

కట్టలక్క పెద్ద గుమాస్తాను పిలిపించింది. ఆయన కాగితం చూసి, దారి ఉందన్నాడు. తన పేరు వాడుకున్నది ఫలానా మనిషి అని ఇతను ప్రమాణం చేసి రాసివ్వాలి. ఆ రాత చనిపోయినవాడిదేనని ఇంట్లోవాళ్లు ఇంకొకరు వచ్చి చెప్పాలి. ఇంట్లో ఎవరున్నారని అడిగితే, అమ్మ ఒక్కతే అన్నాడు డ్రైవరు. డెబ్బై ఎనిమిదేళ్లు. చిన్నకొడుకు నోట ఒక్క అబద్ధం రాలేదని ఇప్పటికీ వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటుంది.

"ఆవిణ్ణి ఇక్కడ నిలబెట్టి అడగలేనండి," అన్నాడు. "సంతకం నాదేనని రాసుకోండి."

పెద్ద గుమాస్తా ఎంతో చెప్పి చూశాడు. ఒప్పుకుంటే జరిమానాతో పోదని, మళ్లీ పిల్లల బస్సు ఎక్కనివ్వరని చెప్పాడు. అతను వింటూనే ఉన్నాడు గానీ మాట మార్చలేదు. చివరికి పెద్ద గుమాస్తా కాస్త ఆలోచించుకోమని గది బయటికి వెళ్లి నిలబడ్డాడు.

కట్టలక్క తలుపు దగ్గరగా వేసింది.

"బాబూ, ఇది నేనింకా రిజిస్టరులో ఎక్కించలేదు. ఆ కట్టలోనే పెట్టేస్తాను. బయట ఉన్నాయన కూడా కాదనడు. దొరకలేదని రాసిస్తాను, తీసుకుని వెళ్లు."

అతను ఆవిడ వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు, నిష్ఠూరం లేదు.

"వద్దక్కా. మీరు నాకోసం అబద్ధం రాయకండి. వాడు రాసింది చాలు."

అంత మాట విన్నాక ఆవిడ కాగితం బల్ల మీద పెట్టి కుర్చీలో కూర్చుంది. అతనే కూజాలోంచి నీళ్లు వంచి ఆవిడకు ఇచ్చాడు. ఆ సాయంత్రం జడ్జిగారి ముందు నేరం ఒప్పుకుని, జరిమానా కట్టి, మళ్లీ కిందికి వచ్చాడు. ఆ కాగితానికి నకలు ఇస్తారా అని అడిగాడు. తమ్ముడి చేతిరాత ఇంట్లో ఇంకేదీ మిగల్లేదట. ఆవిడ నకలు తీసి, ముద్ర వేసి ఇచ్చింది. అతను మడత పెట్టకుండా, సంచిలో తిన్నగా పెట్టుకుని వెళ్లాడు.

ఆ తర్వాత చాలా రోజులు కట్టలక్కకు అన్నం సహించలేదు. బుధవారం సాయంత్రం చాలించి ఉంటే ఏం పోయేది అని వదినతో పదే పదే అనేది. వెక్కిరించే వదిన అప్పుడు మాత్రం కంచంలో ఇంకొంచెం మజ్జిగ పోసేది.

రెండు నెలల తర్వాత, ఒంటిపూట సెలవు పెట్టి బడి బస్సులు నిలిపే చోటికి వెళ్లింది. అతను పాంటు మోకాళ్ల దాకా మడిచి బస్సు కడుగుతున్నాడు. బడివాళ్లు మంచివాళ్లు, పొమ్మనకుండా ఈ పని ఇచ్చారని చెప్పాడు. కొత్త డ్రైవరు కుర్రవాడు, చెయ్యి మంచిదే, హారన్ మాత్రం ఎక్కువ కొడతాడన్నాడు. కళ్లు సరిగ్గా కనబడక నడపడం మానేశానని ఇంట్లో చెప్పాడట.

"అమ్మ ఏమంది బాబూ?"

అతను గుడ్డ పిండి బస్సు అద్దం మీద వేశాడు.

"చిన్నోడే ఉంటే ఈ వయసులో నిన్ను బస్సులు కడగనిచ్చేవాడా అందక్కా."

"నువ్వేమన్నావు?"

"కడగనిచ్చేవాడు కాదమ్మా, అన్నాను."

అని బకెట్టు అందుకుని రెండో బస్సు వైపు నడిచాడు. అతను నాలుగు చక్రాలూ కడిగేదాకా కట్టలక్క అక్కడే నిలబడింది.