సంజీవరావు మేస్టారి అబౌట్ టర్న్

భట్టిప్రోలు పక్కన మా ఊరి ప్రాథమిక పాఠశాలలో నాగమ్మ పెద్దమ్మ మధ్యాహ్న భోజనం వండేది. ఏడో తరగతితో చదువు ఆగిపోయాక నేను ఆవిడకు కూరలు తరిగి పెట్టేదాన్ని. వంటపాక బడి వరండాకు ఎదురుగా ఉండేది. హెడ్మాస్టరు సంజీవరావు గారిని అలా రోజూ చూశాను.

ఆయన కుర్చీలో కూర్చుని పాఠం చెబితే రోడ్డున పోయేవాళ్ళు సైకిలాపి వినేవారు. లేచి నిలబడి నలుగురి ముఖాలు చూశారా, గొంతు పూడుకుపోయేది. చర్చిలో వాక్యం చదవమంటే కళ్ళజోడు మరిచిపోయానని తప్పించుకునేవారు. కళ్ళజోడు ముక్కు మీదే ఉండేది.

ఆ ఏడు, పిల్లల వ్యక్తిత్వ వికాసం కోసం రోజూ అసెంబ్లీలో హెడ్మాస్టరే ఒక మంచిమాట చెప్పాలని ఆదేశం వచ్చింది. మొదటిరోజు మేస్టారు "పిల్లలూ" అని, దగ్గి, జనగణమన పాడించేశారు. మర్నాటికి ఉపాయం దొరికింది. అసెంబ్లీ నడిపే ఐదో తరగతి రిహానా "అబౌట్ టర్న్!" అని అరిచేది. బడంతా వెనక్కి తిరిగేది. వీపులు కనబడగానే మేస్టారికి మాటలు పొంగుకొచ్చేవి. అలా నిలబడితే ధ్యాస చెదరదని పిల్లలకు చెప్పారు. వాళ్ళు నమ్మారు. బడంతా మా పాక వైపు చూస్తుంటే నేను గుండిగ వెనక నక్కేదాన్ని.

ఒకరోజు మండల విద్యాధికారి ఇమాముద్దీన్ గారు వచ్చారు.

"మేస్టారూ, ఏ మీటింగులోనూ మీరు నోరు విప్పరు. ఇవాళా మాట్లాడకపోతే బాపట్ల ట్రైనింగుకి పంపిస్తా. వారమంతా స్టేజీ ఎక్కి మాట్లాడటమే అక్కడ పని."

మేస్టారు రిహానా వైపు చూశారు. రిహానా అరిచింది. పిల్లలు తిరిగారు. అధికారి మాత్రం తిరగకుండా మేస్టారినే చూస్తున్నారు. మేస్టారి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

"సార్, మీరూ తిరగాలండి," అంది రిహానా.

"నేనా?"

"అందరూనండి. లేకపోతే ధ్యాస చెదురుద్దండి."

అధికారి బుద్ధిగా తిరిగారు. మేస్టారు పది మందిలో భయపడకుండా మాట్లాడటం ఎలాగో ఏకధాటిగా చెప్పారు. పెద్దమ్మ గరిటె పట్టుకుని వింటుంటే సాంబారు పొంగిపోయింది.

"అద్భుతం! మీరు బాపట్ల వెళ్ళాల్సిందే," అన్నారు అధికారి.

"మాట్లాడాను కదండీ!"

"అందుకేనండీ! నేర్చుకోటానికి కాదు, టీచర్లకి నేర్పటానికి."

ఆయన వెళ్ళిపోయాక మేస్టారు వచ్చి మా పాకలో పీట మీద కూలబడ్డారు.

"నాగమ్మా, పెద్దపెద్ద టీచర్లు. తిరుగుతారంటావా?"

"ఆఫీసరంతటోడే తిరిగాడు, వీళ్ళెంత? రిహానాని ఎంటబెట్టుకెళ్ళండి మేస్టారూ."

సోమవారం మేస్టారు, రిహానా, తోడుగా వాళ్ళమ్మ షబానా బాపట్ల బస్సెక్కారు. సాగనంపడానికి పెద్దమ్మా నేనూ వెళ్ళాం. బస్సు కదలకముందే రిహానా సీటెక్కి నిలబడింది.

"అందరూ ఇటు పక్క కిటికీల వైపు తిరగండి! మా సారు ప్రాక్టీసు చేసుకోవాలి!"

కండక్టరుతో సహా తిరిగారు. బస్సు మొత్తం మా వైపే చూస్తోంది. నేను పెద్దమ్మ వెనక్కి దూరిపోయాను. లోపల మేస్టారి గొంతు ఖంగున మోగింది.