సిగరెట్ తాగేవాళ్లు కూర్చోండి

మా ఆయన ఇరవై రెండేళ్లు సైన్యంలో కొత్త కుర్రాళ్లకు డ్రిల్లు నేర్పారు. ఇంట్లోనూ అదే గొంతు. ఉప్పు డబ్బా అందించమన్నా పక్కింటివాళ్లు ఉలిక్కిపడేవారు. అంతటి మనిషీ ఒక్క సిగరెట్ కూడా ముట్టి ఎరగరు. ఆ వాసన తగిలితే చాలు, ముక్కు మూసుకునేవారు.

రోజూ పదకొండు గంటలకు, కుర్రాళ్ల కాళ్లు పీక్కుపోతున్న వేళ, విజిల్ ఊది ఒకటే మాట అనేవారట: "సిగరెట్ తాగేవాళ్లు పది నిమిషాలు కూర్చోండి. తాగనివాళ్లు ఊరికే కూర్చోవడం ఎందుకు, చీపుళ్లు పట్టండి." నెల తిరిగేసరికి గ్రౌండు ఊడ్చేవాళ్లు సగమైపోయేవారు. కొందరు దగ్గుతూ దగ్గుతూనే నేర్చుకునేవారట. ఇదంతా ఆయన భోజనాల దగ్గర కళ్లకు కట్టినట్టు చెబుతుంటే నేను పొలమారేలా నవ్వాను. వాళ్లూ ఎవరో కన్న బిడ్డలేనని అప్పుడు తోచలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మావాడు కాలేజీలో ఉండగా సిగరెట్ మొదలుపెట్టాడు. వారం రోజులు వాడితో మాట్లాడలేదు నేను. నా మొహం చూడలేక మానేశాడు. రెండేళ్లు దాని జోలికి పోలేదు. నాన్నలాగే సైన్యంలో చేరతానంటే, ఇక వాడికి ఢోకా లేదని మురిసిపోయాను.

మొదటి సెలవుకు వచ్చాడు. చొక్కా ఉతకబోతే జేబులో అగ్గిపెట్టె, సగం ఖాళీ అయిన ప్యాకెట్. ఆయన వాటిని చూసి ఇల్లెగిరిపోయేలా అరిచారు.

"ఎవడ్రా నీకు మళ్లీ అలవాటు చేసింది?"

"ఎవరూ చెయ్యలేదు నాన్నా. మూడు వారాలు ఊడ్చాను. నడుం పడిపోయింది. తాగేవాళ్లనే కూర్చోనిస్తారు."

"ఎవడా ట్రైనరు? వాడి సంగతి నేను చూస్తా!"

వాడు తల దించుకున్నాడు. "మీ శిష్యుడే నాన్నా. ఇది మా గురువుగారి పద్ధతి అని గొప్పగా చెబుతారు."

ఆయన కుర్చీలో కూలబడ్డారు. ఆ గొంతంతా ఎటు పోయిందో. బతిమాలుతున్నట్టు, "మానెయ్ రా," అన్నారు.

"ట్రైనింగ్ అయ్యాక మానేస్తా నాన్నా. ఇంకా నాలుగు నెలలేగా."

వాడు స్నానానికి వెళ్లాక నేను ఉండబట్టలేక అడిగాను. "మీ దగ్గర అలా అన్నవాళ్లు తర్వాత మానేశారా?"

ఆయన నావైపు చూడలేదు.

"అందరూ అలాగే అనేవారు," అన్నారు. "ఎవరు మానారో నేనెప్పుడూ కనుక్కోలేదు."