కోదాడ జట్టుతో మిర్యాలగూడకు: డివిజన్‌లో నిలిచారో లేదో తెలియని మధ్యాహ్నం

మా బావమరిది సైదులు కోదాడలో ఓ చిన్న ఫుట్‌బాల్ క్లబ్బుకి గోల్‌కీపర్. జిల్లా లీగ్ పై డివిజన్‌లో ఆ ఏడాది వాళ్లు అడుగున ఉన్నారు. మిర్యాలగూడలో చివరి మ్యాచ్ ఓడకుండా ఉంటే నిలుస్తారు. ఓడితే కింది డివిజన్‌కి పడతారు. సగం మంది వేరే జట్లకు పోతారు, క్లబ్బే ఉండదు. నా భయం మాత్రం వేరు. అంతకుముందు మ్యాచ్‌లో సైదులు కుడి భుజం కీలు జారింది. కొన్నాళ్లు ఆడొద్దని డాక్టర్ చెప్పాడు. కానీ జట్టులో మరో కీపర్ లేడు. "వాడు నా మాట ఇనడు. నువ్వన్న పోయి పక్కనుండు" అని మా ఆవిడ ఆదివారం పొద్దున్నే నన్ను సూర్యాపేటలో బస్సెక్కించింది.

హైవే వెడల్పు పనులు జరుగుతున్న రోజులవి. గంటలో చేరాల్సిన కోదాడకి గంటన్నర పట్టింది. టికెట్టు ముప్పై రూపాయల లోపే. అక్కడ జట్టు వ్యాన్ ఎక్కాను. హుజూర్‌నగర్, నేరేడుచర్ల మీదుగా దారి. రెండు వైపులా కాలువ నీళ్లతో పచ్చటి వరి. లోపల ఎవరూ మాట్లాడటం లేదు.

"ఏందండీ, ఆడటానికెళ్తున్నారా, దినానికెళ్తున్నారా?" అన్నాడు డ్రైవరు.

సైదులు ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టుకుని నా పక్కన కూర్చున్నాడు.

"నొస్తుందా?"

"లేదు బావా." మోచేతిని ఇంకాస్త దగ్గరికి లాక్కుని, "జర నొస్తుంది. అక్కకు చెప్పకు" అన్నాడు.

మిర్యాలగూడలో రైస్ మిల్లులు దాటాక ఒక మెస్‌లో భోజనానికి ఆగాం. విస్తళ్లలో అన్నం అలాగే ఉండిపోయింది. "కూర మంచిగ లేదా బిడ్డా?" అని వండినామె అడిగింది. "మంచిగనే ఉందమ్మా, మాకే పోతలేదు" అన్నాడు కెప్టెన్ యాదగిరి. జట్టులో అందరికంటే పెద్దవాడు, డిఫెండర్.

మూడింటికి ఆట మొదలైంది. మొదటి సగంలో ఎవరికీ గోల్ రాలేదు. రెండో సగంలో సైదులు కుడివైపు దూకి ఒక బంతిని ఆపాడు. ఆపి, లేవలేదు. నేను పరుగెత్తి వెళ్లేసరికి చెయ్యి వేలాడుతోంది.

"నేనుంట అన్నా. ఎడమ చెయ్యి ఉంది గద" అంటున్నాడు యాదగిరితో.

యాదగిరి మోకాళ్ల మీద కూర్చుని అతని గ్లవ్స్ మెల్లగా లాగాడు. "ఈ చెయ్యి నీకు బతుకంత గావాలె. పో" అని అవి తనే తొడుక్కున్నాడు. అతనెప్పుడూ గోల్‌లో నిలబడినవాడు కాడు.

నేను సైదుల్ని ఆటోలో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తూ గేటు దాటుతుండగా వెనక పెద్ద కేక లేచింది.

"బావా, గోలైందా?"

"తెల్వదురా."

ఆదివారం కదా, మొదటి క్లినిక్ మూసి ఉంది, రెండోదీ అంతే. మూడో చోట డాక్టర్ దొరికాడు. కీలు కూర్చోబెడుతుంటే సైదులు అరిచిన అరుపుకి నేను మొహం తిప్పుకున్నాను. "వేళ్లు కదుపు" అన్నాడు డాక్టర్. కదల్లేదు. నరం దెబ్బతిని ఉండొచ్చు, చూద్దాం అన్నాడు. సైదులేమో, "ఆ కేక ఎవరిదంటవ్?" అని అడుగుతూనే ఉన్నాడు. యాదగిరికి ఫోన్ చేస్తే మోగుతోంది, ఎత్తడం లేదు. నేను ఆ వేళ్లనే చూస్తూ కూర్చున్నాను. చీకటి పడే ముందు చూపుడు వేలు కొద్దిగా కదిలింది, తర్వాత మిగతావి.

అప్పుడే, ఆటోవాళ్లని అడుగుతూ వెతుక్కుంటూ జట్టంతా లోపలికొచ్చింది. దుమ్ముకొట్టుకున్న మొహాలు, వంచిన తలలు. ఓడిపోయారనుకున్నాను. సైదులు కళ్లు మూసుకున్నాడు.

"చెయ్యి ఎట్లుంది? ముందుగాల అది చెప్పు" అన్నాడు యాదగిరి.

"వేళ్లు కదులుతున్నయ్" అన్నాను.

అతను గోడకానుకుని కూలబడ్డాడు. "ఒక గోల్ తిన్నం. ఆఖర్ల కార్నర్ కిక్‌ల ఒకటి కొట్టి సమం జేసినం. ఉన్నం, సైదులూ. ఆడనే ఉన్నం."

మరుసటి ఏడు ఆ క్లబ్బు పై డివిజన్‌లోనే ఆడింది. సైదులు మళ్లీ గోల్‌లో నిలబడలేదు, భుజం ఒప్పుకోలేదు. నేనిప్పటికీ నేరేడుచర్ల మీదుగా వెళ్తుంటాను. పొలాలు బాగుంటాయి, కానీ నాకు గుర్తొచ్చేది ఆ వ్యాన్‌లోని నిశ్శబ్దమే. అందరం భయపడ్డాం, ఎవరి భయం దేని గురించో ఆసుపత్రిలో గానీ తెలియలేదు.

ఇలా చిన్న ఊళ్లలో మ్యాచ్ చూడటానికి వెళ్లేవారికి ఒక్క మాట: ఆదివారమైతే, ఆట మొదలవకముందే ఎముకల డాక్టర్ ఎక్కడ తెరిచి ఉన్నాడో ఆటోవాళ్లని అడిగి తెలుసుకోండి.