పెరటి కోర్టులో అంజలై కేసు

అమ్మ బీరువా తెరిస్తే ముందు కలరా ఉండల వాసన వచ్చింది, దాని వెనక పాత న్యూస్‌ప్రింటు వాసన. మొదటి మాసికం అయిన మర్నాడు, ఆమె చీరల్లో ఏవి ఎవరికి ఇవ్వాలో చూద్దామని పుదుచ్చేరి ఇందిరా నగర్‌లోని మా ఇంట్లో ఆ బీరువా తీశాను. అడుగు అరలో, పురికొసతో కట్టిన పుస్తకాలున్నాయి. అరచేతికంటే కాస్త పెద్దవి, అంచులు గోధుమరంగుకు తిరిగినవి, అట్ట మీద నల్లకోటు మనిషి ఎవరినో వేలెత్తి చూపిస్తున్నవి. అన్నీ వకీళ్ల నవలలే. ఏ పాపం తెలియని మనిషి మీద హత్యానేరం పడుతుంది, ఎవరూ లేని ఆ మనిషి తరఫున ఒక డిఫెన్సు లాయరు నిలబడతాడు, చివరి అధ్యాయంలో నిండు కోర్టులో అసలు హంతకుణ్ణి ఆ లాయరే బయటపెడతాడు. చీరల సంగతి మరిచిపోయి నేల మీద కూర్చుని సాయంత్రం దాకా చదివాను. తల్లి పోయిన నెలకే ఇలాంటివి చదవకూడదేమో. చదువుతూ రెండుసార్లు పైకే నవ్వాను.

మా నాన్న యానాంలో ప్రభుత్వ గుమాస్తా. నాకు ఎనిమిదేళ్లప్పుడు ఆయనకు పుదుచ్చేరి బదిలీ అయింది. ముదలియార్‌పేటలో ఒక పాత ఇంటి వెనక వాటాలో దిగాం. ఇంటివాళ్లూ తెలుగువాళ్లే, కానీ వాళ్ల పెద్దలు ఈ వైపు ఎప్పుడు వచ్చారో వాళ్లకే తెలియదు. ఇంటి పెద్ద రంగనాయకి అవ్వ. ఆమె భర్తను అందరం తాత అనేవాళ్లం; ఆయన ఫ్రెంచివాళ్ల కాలంలో కోర్టులో గుమాస్తాగా పనిచేశాడు. తాతకు ఫ్రెంచి, తమిళం చదవడం వచ్చు, అవ్వకు తమిళం వచ్చు. ఇద్దరూ ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా ఒక్క తెలుగు అక్షరం గుర్తుపట్టలేరు.

మేం సామాను దింపుకుంటుంటే అవ్వ వచ్చి గడప దగ్గర నిలబడింది.

"యాడ్నించి వస్తా ఉండారు?"

"యానాం నుంచండీ, మామ్మగారూ," అంది అమ్మ.

"తెలుగే గదా మాట్లాడేది, ఏందమ్మా ఇట్ల పాడతా ఉండావు?"

అమ్మ ఈ మాట చెప్పుకుని జీవితమంతా నవ్వింది. ఆ మొదటి నెలల్లో మాత్రం నవ్వు తక్కువ. బజారులో తమిళం, నా బడిలో తమిళం, నాన్న ఆఫీసులో ఇంగ్లీషు. ఊళ్లో తెలుగు పుస్తకం దొరికే చోటు అమ్మకు తెలియలేదు. యానాం నుంచి ఆఫీసు పని మీద ఎవరు వచ్చినా, వాళ్ల సంచీలో ఆమె కోసం నాలుగైదు నవలలు ఉండేవి. మా పెద్దమ్మ పంపించేది. ఆమెకు వకీళ్ల నవలల పిచ్చి, కాబట్టి మాకూ అవే వచ్చేవి. ఒక మధ్యాహ్నం పెరట్లో కూర్చుని చదువుకుంటూ అమ్మ కళ్లు తుడుచుకోవడం అవ్వ చూసింది. ఎవరు పోయారని కంగారుగా అడిగింది. ఎవరూ పోలేదని, ఒక వంటవాడికి ఉరిశిక్ష పడేలా ఉందని అమ్మ చెప్పింది. అవ్వ చేటతో సహా వచ్చి పక్కన కూర్చుంది. "పావం, ఏం జేసినాడు? మొదట్నించి చదువు."

అలా మొదలై అయిదేళ్లు సాగింది. భోజనాలయ్యాక, పొయ్యి మీద నుంచి అన్నీ దింపేశాక, పెరటి అరుగు మీద అవ్వ, అమ్మ, వీధిలోని తెలుగిళ్ల ఆడవాళ్లు ముగ్గురో నలుగురో చేరేవారు. ఎండాకాలంలో సముద్రపు గాలి రెండు గంటలకు తిరిగేది, అప్పటిదాకా విసనకర్రల చప్పుడులోనే సాక్షుల వాంగ్మూలాలు వినేవాళ్లం. ఒకరు మల్లెమొగ్గలు మాలకట్టేవారు, ఒకరు చిన్నుల్లిపాయలు ఒలిచేవారు, అవ్వ మునగాకు దూసేది. కార్తీకం వానల్లో అందరం వంటింటి వసారాలోకి జరిగి, వేయించిన పెసలు నములుతూ వినేవాళ్లం. చూరు నుంచి నీళ్లు కారే చప్పుడుకు అమ్మ గొంతు పెంచాల్సి వచ్చేది, దానివల్ల జడ్జి మాటలన్నీ కోపంగా వినిపించేవి. అమ్మ చదువుతుంటే నేను ఆమె భుజం మీద నుంచి చూస్తూ చదవడం నేర్చుకున్నాను. యానాంలో ఇంగ్లీషు బడికి వెళ్లినదాన్ని, నాకు తెలుగు లిపి వచ్చింది హత్యకేసుల్లోనే. 'అమ్మ', 'ఆవు' కంటే ముందు 'ముద్దాయి' రాయడం వచ్చింది.

చివరి అధ్యాయానికి ముందు అమ్మ పుస్తకం మూసేయాలని అవ్వ నియమం పెట్టింది. వామనగుంటల ఆట కోసం దాచిన చింతపిక్కలు తలా ఒకటి తీసుకుని, రెండు డబ్బాల్లో ఒకదాంట్లో వేయాలి. ఒకటి విడుదల డబ్బా, ఒకటి శిక్ష డబ్బా. వేశాకే చివరి అధ్యాయం. అవ్వ పిక్క ఎప్పుడూ విడుదల డబ్బాలోనే పడేది.

తాత అరుగు చివర పడక్కుర్చీలో కళ్లు మూసుకుని ఉండేవాడు. నిద్రపోతున్నాడనుకునేలోపు ఒక మాట వచ్చేది. "ఆ జడ్జి అంతసేపు మాట్లాడనిస్తాడా? అబద్ధం." అవ్వ వెంటనే, "నీ కోర్టు మూసి శానా కాలమయింది, ఊరికే పండుకో," అనేది. ఫ్రెంచివాళ్ల కోర్టులో వకీలును గౌరవంగా 'మేత్ర్' అని పిలిచేవారట. గొడుగు నల్లగుడ్డ భుజాల మీద కప్పుకుని, పాలు తాగిన నేరం మీద పిల్లిని విచారిస్తున్న నన్ను చూసినప్పటి నుంచి, తాతకు నేను మేత్ర్‌నే.

మాతో పాటు వినే మనిషి ఇంకొకరు ఉండేవారు, అరుగు మీద కాదు. బావి పక్కన ఉతికే రాయి దగ్గర గిన్నెలు తోముతూ వినేది అంజలై. మురుంగపాక్కం నుంచి నడిచి వచ్చి, ఆ వీధిలో నాలుగిళ్లలో పని చేసేది. ఆమెది తమిళం. మూడేళ్లలో వకీళ్ల నవలలు విని విని తెలుగు నేర్చుకుంది, కాబట్టి ఆమె తెలుగంతా కోర్టు తెలుగే. పాలు నీళ్లగా ఉంటే పాలవాడి ముఖం మీద, "నువ్వు కూటసాక్ష్యం చెప్తున్నావు," అనేది. అతనికి తెలుగు రాదు. భయపడి ఇంకో గరిటె పోసేవాడు. మంచి ఘట్టం వస్తే ఆమె చేతిలో గిన్నె ఆగిపోయేది, చప్పుడు ఆగిందంటే కథ బాగుందని అమ్మకు తెలిసేది.

నాకు పదకొండేళ్లప్పుడు ఆయుధపూజ మర్నాడు అవ్వ వెండి కుంకుమభరిణ కనిపించలేదు. అది అవ్వ తల్లిది. పూజకు ముందు వెండి సామానంతా విబూదితో తోమింది అంజలై. ఇల్లంతా వెతికారు, బియ్యం డబ్బాలు కూడా తిరగేశారు. మరుసటి పొద్దున అంజలై రాగానే, "రేపట్నించి రావొద్దు," అంది అవ్వ. ఇంకేమీ అనలేదు, అనాల్సిన అవసరం లేదు. అవ్వ మానిపించిందంటే మిగతా మూడిళ్లూ ఆ సాయంత్రానికే మానిపిస్తాయి, ఆ తర్వాత ఆ పేటలో ఏ గడపా ఆమెను ఎక్కనివ్వదు. అంజలై చీపురు గోడకు ఆనించి కదలకుండా నిలబడింది.

అమ్మ అవ్వకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి విన్నాను.

"మామ్మగారూ, పుస్తకంలో ముద్దాయికైతే ప్రతిసారీ మీ పిక్క విడుదల డబ్బాలోనే వేశారు కదండీ. మనింటికొచ్చేసరికి విచారణ కూడా అక్కర్లేదాండీ?"

అవ్వ ముఖం ఎర్రబడింది. "సరి. మధ్యాన్నం పెట్టు కోర్టు. అదీ చూస్తాము," అంది.

అంజలై తరఫున వాదించేది ఎవరని అడిగితే నేను చెయ్యెత్తాను. ఎవరూ నవ్వలేదు. దసరా సెలవులు, నాకు వేరే పని లేదు. అన్నం కూడా సరిగ్గా తినకుండా ఆలోచించాను. నా ముందు ఒక్కటే దారి కనిపించింది. నేను విన్న ప్రతి నవలలోనూ లాయరు అసలు దొంగను చూపించాకే ముద్దాయి బయటికి వచ్చాడు. కాబట్టి మధ్యాహ్నంలోపు నాకొక దొంగ కావాలి.

రెండు గంటలకు గొడుగు గుడ్డ కప్పుకుని అరుగు మీద నిలబడ్డాను. ఆ రోజు ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. అంజలై ఉతికే రాయి మీద కూర్చుంది, చేతిలో గిన్నె లేదు.

"పూజ అయ్యాక పూజగదిలోకి ఎవరెవరు వెళ్లారు?" అని అవ్వను అడిగాను.

"నేను. మీ తాత. ఈ అంజలై వాకిలి దాకా వచ్చింది."

"నిన్న తాత పంచెకు కుంకుమ ఉందా, లేదా?"

అవ్వ ఆలోచించింది. "ఉన్నింది."

"తాత ఆడే ఆ ఫ్రెంచివాళ్ల ఇనప గుండ్ల ఆటలో ఈ వారం పోటీ ఉంది. గెలిచినవాళ్లకు కప్పు ఇవ్వాలి. కప్పు దొరకలేదని మొన్న తాతే చెప్పారు." నా వేలు పడక్కుర్చీ వైపు లేచింది. "వెండి భరిణ తీసుకెళ్లి కప్పుగా ఇచ్చేసింది, తాతే!"

మాలకట్టే చేతులు ఆగిపోయాయి. అవ్వ మెల్లగా తాత వైపు తిరిగింది.

"ఏందయ్యా, నిజమా?"

తాత కళ్లు తెరిచాడు. "నన్నడుగుతావేందే? యాభై ఏండ్లు కాపురం జేసినావు నాతో."

"జేసినాను గాబట్టే అడగతా ఉండాను."

తాత నవ్వు దగ్గులోకి దిగింది, అమ్మ లేచి మంచినీళ్లు ఇచ్చింది. ఊపిరి తిరిగాక ఆయన కుర్చీ కింది నుంచి సంచీ లాగి, సాయంత్రాలు స్నేహితులతో ఆడే మూడు ఇనప గుండ్లూ అరుగు మీద దొర్లించాడు. మూడింటికీ కుంకుమ బొట్లు. "ఆయుధపూజకు కత్తికి, చేటకు పెట్టినట్ల వీటికీ బొట్టు పెట్టింది ఎవరు? నువ్వే గదా. అదే నా పంచెకు అంటింది."

అందరూ పకపకా నవ్వారు, అవ్వ కూడా. నాకు ఏడుపొచ్చింది. నవ్వినందుకు కాదు. అందరి వెనక అంజలై ఒక్కతే నవ్వకుండా నన్నే చూస్తోంది. నా కేసు పోయిందని ఆమెకు అర్థమైంది.

తాత నన్ను దగ్గరికి పిలిచాడు. "మేత్ర్, ఇట్ల రా. దొంగను పట్టేది ఎవరి పని?"

"లాయరు పని."

"కాదు. అది పోలీసోళ్ల పని. నీ మనిషి తీసిందని వాళ్లు రుజువు చెయ్యాల. చెయ్యలేదని నువ్వు చూపిస్తే చాలు. ఒకర్ని విడిపించేదానికి ఇంకొకర్ని ఇరికించేది వకీలు పని కాదమ్మా."

"అన్ని పుస్తకాల్లోనూ అలాగే ఉంది, తాతా."

"ఆ పుస్తకాలు రాసినోళ్లు నా మాదిరి ముప్పై ఏండ్లు కోర్టులో కూర్చోలేదు."

కళ్లు తుడుచుకుని మళ్లీ నిలబడ్డాను. దొంగ లేకుండా వాదించడానికి నా దగ్గర ఒక్క ప్రశ్నే మిగిలింది. "అంజలై భరిణ తీయడం మీలో ఎవరైనా చూశారా?"

అవ్వ వైపు చూసి అడిగాను, తర్వాత ఒక్కొక్కరి వైపు తిరిగి అడిగాను. చూడలేదు, చూడలేదు, చూడలేదు. అమ్మ పిక్కలు పంచింది. ఒకరి తర్వాత ఒకరు లేచి వేసి వచ్చారు. చివర అవ్వ. పిక్క గుప్పిట్లో పెట్టుకుని రెండు డబ్బాల ముందు చాలాసేపు నిలబడింది. తల్లి భరిణ కదా. చివరికి విడుదల డబ్బాలో టక్కుమని పడింది. శిక్ష డబ్బా వంచి చూపించారు, ఖాళీ. అవ్వ గొంతు సవరించుకుని, అమ్మ చదివినట్టే, ఒక్క అక్షరం మింగకుండా అంది: "సాక్ష్యం చాలనందున ముద్దాయిని విడుదల చేయడమైనది."

మేమంతా చప్పట్లు కొట్టాం. అంజలై లేవలేదు.

"అది చాలదు, పెద్దమ్మా," అంది అవ్వతో.

"ఇంకేందే? విడుదల జేస్తిని గదా?"

"సాక్ష్యం చాలలేదంటే, తీసుంటాను, మీరు చూడలేదు అని. మూడిళ్లోళ్లూ అట్లే అనుకుంటారు. ఈ మూడేండ్లు నేనూ విన్నాను. ఇంకో మాట ఉంది. నిర్దోషి. అది చెప్పండి."

నా వాదనలో ఆ మాట లేదు. తాత కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఇన్నేళ్లలో అంజలై అవ్వను ఏదైనా అడగడం నేను చూడలేదు, పాత చీర కూడా. అవ్వ మెట్లు దిగింది, బావి దాకా నడిచింది, ఉతికే రాయి ముందు నిలబడింది.

"నువ్వు తియ్యలేదు," అంది. "నిర్దోషివే. లెయ్యి, చెయ్యి కడుక్కో. సుండల్ మిగిలుండాది, అందరికీ పెట్టు. నీకూ పెట్టుకో."

నానబెట్టి ఉడికించిన శనగల్లో కొబ్బరి, పచ్చిమామిడి వేసి తాలింపు పెట్టిన ఆ సుండల్ ముందురోజు విజయదశమిది, కొంచెం పులిసింది. అంత రుచిగా ఏదీ తిన్నట్టు నాకు గుర్తు లేదు. తర్వాతి నవల మొదలైన రోజు అవ్వ అరుగు మీద కాస్త జరిగి, గిన్నెలు తర్వాత తోముకోవచ్చని చెప్పి, అంజలైని పైకి కూర్చోమంది. పిక్కలు పంచినప్పుడు ఆమెకూ ఒకటి ఇచ్చింది. భరిణ ఎప్పటికీ దొరకలేదు.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ చోట మూడంతస్తులు లేచాయి, కింద మందుల దుకాణం, పెరడూ బావీ ఉన్నచోట బళ్లు నిలుపుతారు. యాడ, ఏంది అనే ఆ తెలుగు ఎప్పుడైనా వీధిలో చెవిన పడితే ఆగి వెనక్కి చూస్తాను. అంత చిన్న నవలలు ఎవరూ వేయడం లేదు, వేసినా ఒకరు చదివితే పదిమంది కూర్చుని వినేంత మధ్యాహ్నం ఎవరికీ లేదు. తాత, అవ్వ, నాన్న వరసగా పోయారు. అంజలై కేసులో పిక్కలు వేసినవాళ్లలో అందరికంటే చివర పోయింది అమ్మే.

పోయిన ఆదివారం మురుంగపాక్కం వెళ్లాను. అంజలైకి డెబ్బై దాటాయి, చూపు తగ్గింది, మనవడి ఇంట్లో ఉంటుంది. అమ్మ సంగతి చెబితే నా చెయ్యి పట్టుకుంది. తర్వాత ఏం పని చేస్తున్నావని అడిగింది. బడిలో లెక్కలు చెబుతున్నానన్నాను.

"వకీలు కాలేదా? మంచిదే, పాపా. అయ్యుంటే నన్ను విడిపించేదానికి ఆ తాతను లోపల వేసేసుంటావు."

ఇద్దరం కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాం. మనవడి పెళ్లాం కాఫీ తెచ్చి, ఏమైందని తమిళంలో అడిగింది. అంజలై గ్లాసు కింద పెట్టి నా వైపు తిరిగింది, అదే కోర్టు తెలుగులో అంది:

"తీర్పు చెప్పినోళ్లు ఎవరూ లేరు ఇప్పుడు. నేను నిర్దోషి అనేదానికి సాక్షివి నువ్వొక్కదానివే. రోడ్డు చూసి జాగ్రత్తగా దాటు."