జింకు పూత మీద గీత

నిన్న మేడ మీద బిగించిన కొత్త జింకుపూత గొట్టం ఎండకు మెరుస్తుంటే, పీలమేడులో నాయన నడిపిన పంపుల వర్క్‌షాపు గుర్తొచ్చింది.

నేను చిన్న క్లాసులో ఉన్నప్పటి మాట. తూత్తుకుడి ఉప్పుమడుల వాళ్లకు పంపులు అమ్మాలని నాయన ఆశ. గొట్టాలు ఉప్పునీటికి తట్టుకుంటేనే ఆర్డరు. ఆయన మెరిసే గొట్టం మీద ఆకురాయితో లోతుగా గీత గీసి, ఉప్పునీళ్ల తొట్టిలో ముంచాడు. పక్కనే పూత లేని గొట్టాన్నీ ముంచాడు. మా అవ్వ నాకు ఉప్పుతో దిష్టి తీసేది, బుగ్గన నల్లచుక్క పెట్టేది. ఇదీ అదేననుకున్నాను.

“దిష్టికా నాయనా?”

“ఆమా అమ్మిణీ, సముద్రం కండ్లు శానా చెడ్డవి!” నవ్వాడు గానీ, చూపు తొట్టి మీదే ఉంది.

కొన్ని వారాలకు బయటికి తీస్తే, ఉత్త గొట్టం ఎర్రగా పొరలు లేచింది. పూత గొట్టం మీద జింకు తెల్లగా పిండి కట్టింది గానీ, ఆ గీతలో తుప్పు లేదు.

“దిష్టి పోయె నాయనా!” అని గెంతాను.

ఆయన గీతను వేలితో తడిమి, “ఇంక ఆర్డరు మనదే అమ్మిణీ” అన్నాడు మెల్లగా.

పెద్దయ్యాక లైబ్రరీలో వెతికి చదివాను. పూత చెదిరిన చోట కూడా ఇనుముకంటే ముందు చుట్టూ ఉన్న జింకే కరుగుతుందట. తను తరిగిపోతూ ఇనుమును కాపాడుతుందట. అవ్వ ఉప్పుకంటే ఇదే పెద్ద మహిమగా తోచింది.