స్వామిదాసు పెట్టిన కేబుల్

ఆ రోజు లింగం గడ్డపార ఎత్తాడు. అన్న బీరయ్య ఇంటికీ తన ఇంటికీ నడుమ ఉన్న గోడను కూల్చేస్తానన్నాడు. పంపకాల్లో బోరు బీరయ్య వైపు పడింది. అందులో తనకూ పాలుందనీ, ఇంకా గోడెందుకనీ అతని వాదన. కామారెడ్డిలో మా వాడంతా చోద్యం చూస్తోంది. బీరయ్య నోట్లో నాలుక లేని మనిషి. అతని బిడ్డ ఉమారాణి వచ్చి గడ్డపారకు ఎదురు నిలబడింది.

“చిన్నాయనా, గోడ పడితే నీళ్లొక్కటే రావు. నీ మేకలు మా చిక్కుడు తీగ మేస్తయి, మా కోళ్లు నీ వడ్లు తింటయి. రోజుకో లొల్లి. గోడ ఉండనీ. పైపు పట్టేంత సందు పెడదాం. నీళ్లు నీకొస్తయి, కడమవి ఎక్కడియి అక్కడ్నే ఉంటయి.”

“కంప్యూటర్ సదువు సదివి నాకే అకల్ నేర్పుతవానే?”

“గా పనికే పట్నంల నాకు జీతమిస్తుండ్రు. నీకు ముఫత్‌గ చెప్తున్న, ఇను.”

లింగానికే నవ్వొచ్చింది. ఆ గడ్డపారతోనే సందు పొడిచాడు.

మా వాడలో నా నోటికి జడవనిది ఆ పిల్లొక్కతే. గోడ పనికి జీతమేమిటే అని అడిగితే విడమరిచి చెప్పింది. ఆమె పనిచేసేది డేటా సెంటర్‌లో. కంప్యూటర్ల గిడ్డంగి అనుకోండి. కంపెనీల లెక్కలన్నీ అక్కడి డిస్కుల్లో ఉంటాయి. కంప్యూటర్లనూ డిస్కులనూ కలిపే అల్లికను ఫ్యాబ్రిక్ అంటారు. ఇలాంటి అల్లికలు వేర్వేరుగా ఉంటాయి. ఒక అల్లికలోని కంప్యూటరుకు ఇంకో అల్లికలోని డిస్కు కావలసి వచ్చినా రెండు అల్లికలనూ ఏకం చేయరు. నడుమ రూటర్ అనే పెట్టె పెట్టి, గోడలో సందులాగా ఆ కంప్యూటరుకూ ఆ డిస్కుకూ మాత్రమే దారి ఇస్తారు. కేబుల్ పెట్టక ముందే ఆ దారికి హద్దు పెట్టాలి. అది ఉమారాణి పని. ఆమె చెప్పిన చోట కేబుల్ పెట్టేది స్వామిదాసు. ఎల్లారెడ్డి మనిషి, కాంట్రాక్టు కూలి. మన దిక్కువాడని ఆమే పనిలో పెట్టించింది.

2012 వానాకాలంలో ఆ పిల్ల ఇంటికొచ్చి కూడా నా గడప తొక్కలేదు. నేనే పోయాను.

“ఏందే, పట్నం నీళ్లు తాగి నోరు పడిపోయిందా?”

“మాట్లాడాల్సిన కాడ్నే పడిపోయిందవ్వా.”

రూటర్ మీద ఒక దారికి హద్దు పెట్టడం మరిచి, కేబుల్ పెట్టమని స్వామిదాసుకు ఫోన్‌లో చెప్పిందట. అతను చెప్పిన చోటే పెట్టాడు. హద్దు లేకపోయేసరికి రెండు అల్లికలూ ఒకటైపోయాయి. ఇటు అల్లిక అమరికలు అటు అల్లికవాటితో పొసగలేదు. డిస్కులు కనబడక కంప్యూటర్లన్నీ బిగుసుకుపోయాయి. మేనేజర్ వచ్చి కేబుల్ పెట్టిందెవరని అడిగాడు. “నేనే సార్” అన్నాడు స్వామిదాసు. ఉమారాణి పక్కనే ఉండి నోరు మెదపలేదు. అతన్ని పనిలోంచి తీసేశారు.

“గడ్డపార ముందర నిలవడ్డదాన్ని, మేనేజర్ ముందర నిలవడలేకపోయిన.”

“ఇప్పుడైనా చెప్పరాదూ! నోట్ల ముత్యాలు రాల్తయా?”

“నిన్న మేనేజర్‌కు చెప్పిన. నా నౌకరి ఉన్నా పోయినా దానికి కాదు నా ఏడుపు. స్వామిదాసు ఫోన్ చేసిండు. ‘మేడం, తప్పు జాగల పెట్టిన, మీకు మాట తెచ్చిన, మాఫ్ చెయ్యుండ్రి’ అన్నడు. నీ చేతులల్లనే శని ఉన్నదని వాళ్లింటామె ఎత్తిపొడుస్తదట. తప్పు అతనిది కాదని అతనికే తెల్వదవ్వా.”

కొట్టాలో దగ్గరికి తీసుకోవాలో నాకు తోచలేదు.

“మరి ఫోన్‌ల్నే చెప్పకపోయినవా?”

“ఫోన్‌ల చెప్పే గా కేబుల్ పెట్టిచ్చిన. ఇది ఎదురుంగ కూసొని చెప్పాలె.”

“అయితే లెవ్వు. ఎల్లారెడ్డి బస్సెక్కుదాం. వాళ్లింటామె సంగతి నేను చూసుకుంట. నా నోటి ముందర ఎవరు నిలుస్తరు?”

ఉమారాణి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

“నువ్వు రావాలె. ఒక్కదాన్ని పోతే బస్‌స్టాండు కాడికెల్లే వాపసొస్త. గని నువ్వేం మాట్లాడొద్దు. ఆమె నన్ను తిట్టినా, చెప్పు తీసినా అడ్డం రావొద్దు. నా పక్కకు కూసొని నోరు మూసుకొని ఉండవ్వా.”